మానవాధికారం – మానవోత్తర వాదం: మంత్రాలయ సీమ నేపథ్యంలో ఒక పరిశీలన

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో గత అర్ధశతాబ్దిగా ప్రచారంలోకి వచ్చిన ఒక వాదానికి తెలుగులో ఇంకా స్థిరమైన పేరు ఏర్పడలేదు. మానవానంతర వాదమన్నా చెల్లుతుంది, మానవోత్తర వాదమన్నా చెల్లుతుంది. ఈ వ్యాసంలో రెండవ పేరు గ్రహింపబడినది. ‘ఉత్తర’ శబ్దానికి తరువాతిది అనే అర్థమూ, పైది అనే అర్థమూ ఉండటమే అందుకు కారణం. ఆ వాదంలోని రెండు శాఖల నడుమ ఉన్న తగవంతా ఈ రెండర్థాల తగవే. మనిషిని ఔషధాలతో, యంత్రాలతో పెంచి, జరామరణాలను జయింపజేసి, ఇప్పటి మనిషికంటె పైస్థాయి జీవిని సృష్టింపవచ్చునన్నది ఒక శాఖ. 1957లో జూలియన్ హక్స్లీ ఒక వ్యాసంలో దీనికి పేరు పెట్టినాడు. మనిషి సృష్టికి కేంద్రమనే అభిమానమే దోషమనీ, పశుపక్ష్యాదులతో, నదీపర్వతాలతో, యంత్రాలతో కలిసి బ్రతికే అనేక సత్తలలో మనిషి ఒకడు మాత్రమేననీ రెండవ శాఖ వాదిస్తుంది. ‘మానవుడు’ అనే భావన ఇటీవలిదనీ, అది అంతరింపనూవచ్చుననీ 1966లో మిషెల్ ఫూకో అన్నాడు. 1977లో ఇహాబ్ హసన్, 1985లో డోనా హారవే, 1999లో కేథరిన్ హేల్స్, 2013లో రోసి బ్రైడోటి ఒక్కొక్కరు ఒక్కొక్క దారిలో ఆ మాటను విస్తరించినారు. ఈ చరిత్ర ఇంతకుమించి ఇక్కడ అక్కరలేదు.

ఈ వాదాన్ని విన్న మన పండితులలో సాధారణంగా రెండు ప్రతిస్పందనలు కనిపిస్తాయి. ఇదంతా మన ఉపనిషత్తులలో ఉన్నదేనని తృప్తిపడటం ఒకటి. ఇది నాస్తికుల కొత్త వేషమని త్రోసిపుచ్చటం రెండవది. రెండూ శ్రమలేని మార్గాలే. మనిషికి సృష్టిలో ఉన్న స్థానమేమి అనే ప్రశ్నను మన శాస్త్రాలు ఆ రూపంలో అడుగలేదు. వారు అడిగినది ‘అధికారి ఎవరు?’ అని. ఏ కర్మకు, ఏ విద్యకు ఎవరు అర్హులు, ఏ కారణం చేత, ఆ కారణం తొలగితే అర్హత కూడ తొలగుతుందా అన్నది వారి విచారం. మానవోత్తర వాదాన్ని ఈ అధికార విచారం ముందు నిలబెట్టి చూచినప్పుడే అందులోని బలమూ, లోటూ తెలుస్తాయి. మన శాస్త్రంలోని బలమూ, లోటూ కూడ అప్పుడే తెలుస్తాయి.

ఈ పరిశీలనకు కర్నూలు జిల్లా పడమటి కొసనున్న కోసిగి సీమను నేపథ్యంగా గ్రహించటానికి హేతువున్నది. గుంతకల్లు – రాయచూరు రైలుమార్గంలో ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమనున్న ఊరు కోసిగి. ఒకప్పుడు బళ్ళారి జిల్లాలో భాగమైన ఆదోని తాలూకా ప్రాంతమిది. 1953లో ఆంధ్రరాష్ట్రంలో చేరినది. దీనికి సమీపంలోనే తుంగభద్రా తీరాన, పూర్వం మంచాల అని పిలువబడిన మంత్రాలయంలో, 1671లో శ్రావణ బహుళ విదియనాడు శ్రీ రాఘవేంద్రతీర్థులు సజీవంగా బృందావన ప్రవేశం చేసినట్లు సంప్రదాయం. భక్తులు ఆయనను వరప్రదాతగా ఎరుగుదురు. శాస్త్రజ్ఞులు మాత్రం న్యాయసుధకు ‘పరిమళం’, బ్రహ్మసూత్రాలకు ‘తంత్రదీపిక’, జైమిని సూత్రాలకు ‘భాట్టసంగ్రహం’ రచించిన పండితునిగా ఆయనను మొదట స్మరింపవలెను. పూర్వోత్తర మీమాంసలు రెండింటిపైనా గ్రంథరచన చేసిన ఆచార్యుని బృందావనమున్న సీమలో అధికార విచారం పరాయి విషయం కాదు.

కుక్క ఉపవాసం, డేగ ఉపవాసం

జైమిని సూత్రాలలో ఆరవ అధ్యాయం మొదటి పాదం అధికారానికి కేటాయింపబడినది. స్వర్గం కోరేవాడు యజింపవలెనని విధి ఉన్నది గదా, సుఖాన్ని కోరటం ప్రాణులన్నింటికీ సమానమే గదా, కనుక పశువులకు కూడ కర్మాధికారం ఉండవలెను గదా అని పూర్వపక్షం. దీనిని నేటి పాఠకుడు నవ్వి విడిచిపెట్టవచ్చును, శబరస్వామి నవ్వలేదు. పూర్వపక్షి చేత ఆయన ఒక దృష్టాంతం కూడ చెప్పించినాడు. చతుర్దశినాడు కుక్కలు, అష్టమినాడు డేగలు ఉపవసించటం కనిపిస్తున్నదట. అది ధర్మబుద్ధితో కాదు, రోగం వలన కలిగిన అరుచి అని సిద్ధాంతి సమాధానం. మరి నియతమైన తిథినాడే రోగమెట్లు వస్తుందని ఎదురు ప్రశ్న. మూడునాళ్ళకొకసారి, నాలుగునాళ్ళకొకసారి వచ్చే జ్వరాలు లేవా, అట్లే అని తిరుగు సమాధానం.

ఈ సంవాదంలో గమనింపదగినదేమంటే, పశువుకు ఆత్మ లేదని గాని, పశువు యంత్రం వంటిదని గాని సిద్ధాంతి ఎక్కడా అనలేదు. పదునేడవ శతాబ్దిలో డెకార్ట్ పశువులను యంత్రాలతో పోల్చినాడు. మానవోత్తర వాదుల తొలి యుద్ధం ఆ పోలికతోనే. మీమాంసకునితో వారికి ఆ యుద్ధం అవసరం లేదు. ఆయన చెప్పిన కారణాలు వేరు. పశువు వేదమధ్యయనం చేయలేదు, ఇతరుల వలన ధర్మాన్ని తెలుసుకొనలేదు, యాగద్రవ్యంపై దానికి స్వామ్యం లేదు, కర్మను అంగాలన్నింటితో ఆద్యంతం నిర్వహింపలేదు. ఈ చివరిదానినే సూత్రకారుడు ‘కార్త్స్న్యం’ అన్నాడు. అదే వాదంలో దేవతలకు కూడ కర్మాధికారం లేదని తేల్చినారు. ఇంద్రుడు యాగం చేస్తే ఆహుతి ఏ ఇంద్రునికి? ఇట్లు పైవారికీ క్రిందివారికీ అధికారం తొలగి, నడుమనున్న మనిషికి మిగిలినది. అది మనిషి శ్రేష్ఠుడు కావటం చేత కాదు. చేయగలిగినవాడు, చేయకపోతే అడుగదగినవాడు అతడే కావటం చేత. ఐరోపాలో పదునైదవ శతాబ్దినుండి పెరిగిన మానవవాదం మనిషి గౌరవం నుండి బయలుదేరినది. మీమాంస మనిషి బాధ్యత నుండి బయలుదేరినది. రెండింటికీ ఒకే పేరు పెట్టటం అనర్థహేతువు.

వేదాంతంలో ఈ గీత కొంత కదిలినది. హృదయపరిమాణాన్ని బట్టి పరమాత్మను అంగుష్ఠమాత్రుడనటం మనుష్యాధికారాన్ని పురస్కరించుకొని చెప్పినదేనని బాదరాయణుడు ఒక సూత్రంలో అంటాడు. వెంటనే తరువాతి సూత్రంలో మనిషికి పైనున్న దేవతలకు కూడ బ్రహ్మవిద్యాధికారం సంభవమే అంటాడు. జైమిని ఆక్షేపాన్ని పేరెత్తి చెప్పి నిరాకరిస్తాడు. కర్మకు లేని దేవత జ్ఞానానికి అధికారి అయినది. కర్మలో కావలసినది సామగ్రి, జ్ఞానంలో కావలసినది కోరిక, సామర్థ్యం.

శంకరభగవత్పాదులు అధ్యాసభాష్యంలో చేసిన సాహసం ఇంతకంటె పెద్దది. కర్రయెత్తి వచ్చేవానిని చూచి పశువు పారిపోతుంది, పచ్చగడ్డి చేతబట్టి వచ్చేవానికి ఎదురు వస్తుంది. వివేకులనబడే మనుష్యులు కూడ కత్తి చేతబట్టినవానిని చూచి తొలగి, ప్రసన్నుని చూచి దగ్గరవుతారు. ప్రమాణ ప్రమేయ వ్యవహారంలో వీరికీ పశువులకూ భేదం లేదని ఆయన నిష్కర్ష. మనిషి తెలివి పశువు తెలివికంటె జాతిచేత భిన్నం కాదన్న మాట ఇది. ఇరువదవ శతాబ్దిలో దీనిని చెప్పటానికి చాల పుస్తకాలు వ్రాయవలసి వచ్చినది. శంకరుల ఉద్దేశం పశువును పెంచటం కాదు, మనిషిని తగ్గించటమూ కాదు. ఇద్దరిలోనూ సమానమైన దేహాభిమానాన్ని చూపటం. ఈ ఉద్దేశభేదాన్ని మరచి, ‘మానవకేంద్రభావాన్ని శంకరులు ముందే ఖండించినారు’ అని ఉపన్యసించటం తగదు. మానవోత్తర వాది మనిషి అభిమానాన్ని పంచి నలుగురికీ ఇవ్వదలచినాడు. శంకరులు ఆ అభిమానాన్నే తీసివేయదలచినారు.

జరితారి అనే పక్షి

మంత్రాలయ సంప్రదాయానికి మూలపురుషుడైన మధ్వాచార్యుల భాష్యంలో, దేవతల అధికారాన్ని చెప్పే ఆ సూత్రం దగ్గరనే, అంతగా ప్రచారంలోకి రాని ఒక వాక్యముంది. తిర్యక్కులకు సాధారణంగా విశిష్టబుద్ధి లేకపోవటం చేత అధికారం లేదు. కాని ఎక్కడ విశిష్టబుద్ధ్యాదులు ఉన్నవో అక్కడ అధికారానికి విరోధం లేదు, నిషేధమూ లేదు. జరితారి మొదలైనవారు కనబడుతున్నారు గదా అని దాని సారం. జరితారి మహాభారతం ఆదిపర్వంలో, ఖాండవదహన ఘట్టంలో వచ్చే పక్షి. మందపాల మహర్షికి జరిత అనే ఆడపక్షియందు పుట్టిన నలుగురిలో పెద్దవాడు. అడవి కాలుతున్నప్పుడు రెక్కలు రాని ఆ పిల్లలు అగ్నిని స్తుతించి బ్రతికినాయి.

ఈ ఒక్క దృష్టాంతం చాల దూరం పోతుంది. మధ్వసిద్ధాంతం పంచభేదాలను నిత్యాలుగా అంగీకరించినది. జీవులలో తారతమ్యం స్వరూపసిద్ధమన్నది. ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు అని త్రివిధ విభాగం చేసినది. ఇంత కఠినమైన భేదవాదంలో అధికారానికి హేతువుగా జాతిని గాని, శరీరాకృతిని గాని నిలుపక, విశిష్టబుద్ధిని నిలుపటం ఆశ్చర్యకరం. పక్షి శరీరం అడ్డు కాలేదు. మనిషి చర్మం లోపల ఉన్నంత మాత్రాన చాలదు, వెలుపల ఉన్నంత మాత్రాన లేకపోదు. మానవోత్తర వాదంలోని రెండవ శాఖ కోరే గీత ఇదే. అయితే ఆ శాఖవారు గీతను చెరిపి ఊరుకొంటారు. మధ్వులు చెరపలేదు, శరీరం నుండి బుద్ధికి జరిపినారు.

తారతమ్యం మీద ఆధునికులు వేసే ఆక్షేపణ తేలికది కాదు. జీవులలో నిత్యమైన ఎచ్చుతగ్గులుంటే మనుష్యుల సమానత్వం ఎక్కడిది? మతగ్రంథాలు ఈ ప్రశ్నను చాలవరకు దాటవేసినవి. కాని సిద్ధాంతంలోనే ఒక సమాధానబీజమున్నది. స్వరూపయోగ్యత అతీంద్రియం. అది కులాన్ని బట్టి, వృత్తిని బట్టి, ఊరిని బట్టి కంటికి కనబడేది కాదు. కనబడనిదానికి లింగం లేకుండా అనుమానం చేయరాదు. అట్లయితే పుట్టుకను చూచి యోగ్యతను నిర్ణయించే లౌకికాచారానికి సిద్ధాంతం తోడ్పడదు. అంత్యజులైనా భక్తులకు నామజ్ఞానంలో, స్త్రీశూద్రాదులకు తంత్రజ్ఞానంలో అధికారమున్నదనే వ్యోమసంహితా వచనాన్ని మధ్వులు మొదటి సూత్రభాష్యంలోనే ఉదాహరించినారు. అది పూర్ణాధికారం కాదు. పక్షికి విశిష్టబుద్ధి ఉంటే చాలునన్న ఆచార్యుడు మనిషికి ఆ నియమాన్నే ఎందుకు వర్తింపజేయలేదన్న ప్రశ్న నిలిచే ఉంటుంది. ఈ ప్రశ్నను కప్పిపుచ్చి సంప్రదాయాన్ని రక్షింపనక్కరలేదు.

పైకి విస్తరించి, ప్రక్కకు సంకోచించి

బ్రహ్మసూత్రాల ఒకే పాదంలో, ఎనిమిది సూత్రాల అంతరంలో, రెండు నిర్ణయాలు కనిపిస్తాయి. 1-3-26లో మనిషికి పైవారికి తలుపు తెరువబడినది. 1-3-34 మొదలు 38 వరకు మనుష్యులలోనే ఒక వర్గానికి మూయబడినది. దేవతలకు అందిన విద్య ప్రక్క ఇంటివానికి అందలేదు. భాష్యకారులందరూ అపశూద్రాధికరణాన్ని సమర్థించినారు. శంకరులు పూర్వసంస్కారం చేత జ్ఞానులైన విదుర ధర్మవ్యాధాదులకు ఫలప్రాప్తిని ఆపలేమనీ, ఇతిహాసపురాణ శ్రవణంలో నాలుగు వర్ణాలకూ అధికారమున్నదనీ అంగీకరించి కొంత సడలించినారు. మనిషిని దాటిపోయే తత్త్వం మనుష్యులందరినీ కలుపుకొని పోవలెనన్న నియమం లేదనటానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం లేదు. నేటి మానవోత్తర వాదులు మొదట గుర్తింపవలసిన అపాయమిదే.

అయితే పూర్వమీమాంసలో మరొక స్వరం వినబడుతుంది. జైమిని అధికార పాదంలోనే, 6-1-27లో, బాదరి మతాన్ని పేర్కొన్నాడు. కర్మలో అందరికీ అధికారమున్నదని బాదరి అభిప్రాయం. సిద్ధాంతం దానిని అంగీకరింపలేదు; కాని సూత్రకారుడు దానిని పేరుతో సహా భద్రపరచినాడు. ఆ పాదంలోనే స్త్రీకి అధికారమున్నదని నిర్ణయింపబడినది. ధనం లేనివానికి అధికారం లేదా అని ప్రశ్నించి, ధనం సంపాదింపదగినదే గనుక పేదరికం అనర్హత కాదని తేల్చినారు. త్రైవర్ణికుడు కాని రథకారునికి అగ్న్యాధానం చెప్పినారు. పాదం చివర నిషాదస్థపతి అధికరణం వస్తుంది. నిషాదుల స్థపతి అని షష్ఠీతత్పురుషం చెప్పుకొంటే స్థపతి పైవర్ణంవాడు కావచ్చును; నిషాదుడే స్థపతి అని కర్మధారయం చెప్పుకొంటే నిషాదునికే రౌద్రేష్టిలో అధికారం వస్తుంది. లక్షణ అక్కరలేని కర్మధారయమే గ్రాహ్యమని సిద్ధాంతం. ఒక సమాస నిర్ణయం చేత ఒక మనిషికి యాగశాల తలుపు తెరుచుకొన్నది. వ్యాకరణాన్ని శుష్కమనేవారు ఈ అధికరణాన్ని ఒకసారి చదువవలెను. వాల్మీకి వంశీయులమని చెప్పుకొనే బోయలు ఎక్కువగా నివసించే కోసిగి, ఆదోని ప్రాంతంలో ఈ అధికరణ పాఠానికి గ్రంథంలో లేని ఒక సన్నిహితత్వం కలుగుతుంది.

తెలుగునాట మానవవాదం ఈ మూసిన తలుపు దగ్గరనే పుట్టినది. గురజాడ 1910లో దేశమంటే ఏమిటో నిర్వచిస్తూ మనిషిని ముందు నిలిపినాడు. 1940లో గోరా కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించినాడు. ఎం.ఎన్. రాయ్ 1947లో ప్రకటించిన నవ్యమానవవాదానికి తీరాంధ్రంలో బలమైన అనుయాయులు ఏర్పడినారు. వీరి మాటలలో శాస్త్రదూషణ ఉన్నందున పండితులు వీరిని దూరంగా ఉంచినారు. కాని వీరడిగినది కూడ అధికార ప్రశ్నయే. బాదరి పూర్వపక్షాన్నే వీరు సిద్ధాంతం చేసినారంటే తప్పు కాదు.

ఈ సందర్భంలో జాషువ ‘గబ్బిలం’ విశేషంగా గమనింపదగినది. 1941లో వెలువడిన ఈ కావ్యంలో నాయకుడు గుడిలోనికి పోరాని మనిషి. తన దుఃఖాన్ని శివునికి నివేదించటానికి అతడు ఎన్నుకొన్న దూత గబ్బిలం. ఆ పక్షికి గర్భగుడిలో తలక్రిందులుగా వ్రేలాడే స్వాతంత్ర్యమున్నది, దేవుని చెవి దగ్గర పలికే చనువున్నది, మనిషికి లేదు. సందేశకావ్య మర్యాదను పాటిస్తూనే కవి అధికార పాదాన్ని తలక్రిందులు చేసినాడు. జరితారి విషయంలో శాస్త్రం పక్షికి తలుపు తెరచినది. గబ్బిలం విషయంలో పక్షికి తెరచిన తలుపు మనిషికి ఎందుకు మూసినారని కవి అడిగినాడు. పశుపక్షులకు, నదులకు, యంత్రాలకు వ్యక్తిత్వం ఇవ్వవలెననే నేటి వాదాన్ని తెలుగులో చర్చించేవారు ఈ కావ్యాన్ని ప్రక్కన పెట్టుకొని చర్చింపవలెను. అందరూ మనుష్యులుగా లెక్కింపబడకముందే ‘మనుష్యానంతరం’ గురించి మాటలాడటం, అన్నం వండకముందే విస్తరి ఎత్తటం వంటిది.

దేహసిద్ధి కోరినవారు

మొదటి శాఖను, అంటే మనిషిని యంత్రౌషధాలతో పెంచదలచినవారిని, గురించి క్లుప్తంగా చెప్పవచ్చును. ఈ కోరిక మనకు కొత్త కాదు. పదునాలుగవ శతాబ్దిలో విజయనగర కాలంలో వెలువడిన సర్వదర్శనసంగ్రహంలో రసేశ్వర దర్శనానికి ఒక ప్రకరణమున్నది. పారదం చేత పిండస్థైర్యం, అంటే దేహానికి చెడనితనం, సాధించి, ఆ దేహంతోనే జీవన్ముక్తి పొందవలెనని వారి మతం. పతంజలి కూడ సిద్ధులకు కారణాలు చెబుతూ జన్మ, మంత్రం, తపస్సు, సమాధులతో పాటు ఔషధాన్ని లెక్కించినాడు. చరకుని రసాయనాధ్యాయం ఆయుర్వృద్ధిని నిందింపలేదు. పైగా సత్యం, అక్రోధం వంటి ఆచారం కూడ రసాయనమేనన్నది. కనుక దీర్ఘాయువును కోరటం ధర్మవిరుద్ధమని మతం పేరిట కొట్టివేయటం మన గ్రంథాలకు సమ్మతం కాదు. పతంజలి హెచ్చరిక వేరు. సిద్ధులు సమాధికి ఉపసర్గాలన్నాడు. అరవిందులు 1914 నుండి ‘ఆర్య’ పత్రికలో దివ్యజీవనాన్ని వివరిస్తూ మనిషి పరిణామంలో మధ్యస్థుడేనన్నారు. ఆ పైమెట్టు వారికి చేతనలో మార్పు, ఉపకరణాల కూర్పు కాదు.

పురాణంలో ఈ కోరికకు పరాకాష్ఠ హిరణ్యకశిపుడు. మనిషి చేత కాని, మృగం చేత కాని, లోపల కాని, వెలుపల కాని అని అతడు మరణానికి దారులన్నీ మూసుకొన్నాడు. తనకు తెలిసిన విభాగాలన్నింటినీ లెక్కవేసినాడు. విభాగాల నడుమ ఏముంటుందో ఊహింపలేదు. వచ్చినది నరుడూ కాదు, మృగమూ కాదు. ఆ నరసింహునే కోసిగికి పొరుగునున్న కౌతాళం మండలం ఉరుకుందలో ఈరన్నస్వామిగా కొలుస్తారు. శ్రావణమాసంలో జనం తండోపతండాలుగా వస్తారు. రాఘవేంద్రులను ప్రహ్లాదాంశగా భావించే సంప్రదాయం కూడ ఈ సీమదే. మనిషిని దాటిన దేహం కోరిన తండ్రి, మనిషిగానే నిలిచిన కొడుకు, రెండు జాతులను కలిపిన దేవుడు, ముగ్గురి స్మృతి ఇక్కడ పక్కపక్కనే ఉన్నది.

మాటలాడని స్వామి, బాధ్యత లేని యంత్రం

మానవేతరాలకు వ్యక్తిత్వమివ్వటం న్యాయస్థానాలకు కూడ పరిచితమే. దేవగ్రామం, దేవక్షేత్రం అనే వ్యవహారం ఔపచారికమేననీ, దేవత తన ఇచ్ఛానుసారం ద్రవ్యాన్ని వినియోగింపదు గనుక దానికి స్వామ్యం లేదనీ శబరుడు తొమ్మిదవ అధ్యాయంలో నిర్ణయించినాడు. 1925లో ప్రివీ కౌన్సిల్ మల్లిక్ వారి వ్యాజ్యంలో విగ్రహాన్ని న్యాయదృష్టిలో వ్యక్తిగా గ్రహించి, దాని ఇచ్ఛను మన్నింపవలెనన్నది. మంత్రాలయంలో ప్రసిద్ధమైన ఒక కథ ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. 1800 – 1807 నడుమ దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మఠం మాన్యాన్ని విచారింప వచ్చినప్పుడు, బృందావనం నుండి స్వామి అతనితో మాటలాడి హక్కును నిరూపించినట్లు భక్తులు చెప్పుకొంటారు. కథ ఐతిహాసికత ఎట్లున్నా అందులోని తర్కం చక్కనిది. దేహం కనబడని యజమాని తన పొలానికి తానే సాక్ష్యం చెప్పుకొన్నాడు. శబరుడు దేవతకు లేదన్న ఇచ్ఛావినియోగమే అది.

2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగాయమునలను జీవవ్యక్తులుగా ప్రకటించినది. ఆ సంవత్సరం జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. నది వలన కీడు కలిగితే ఎవరు జవాబుదారి అన్నది ప్రభుత్వం లేవనెత్తిన సందేహాలలో ఒకటి. ఇది జైమిని కార్త్స్న్య ప్రశ్నయే. నదికి హక్కు ఇవ్వటం కష్టం కాదు, కర్తృత్వం ఇవ్వటం కష్టం. విగ్రహానికైనా, నదికైనా చివరకు ఒక మనుష్యుడు రక్షకుడై నిలువవలెను. తప్పు జరిగితే ఆ మనిషిని అడుగుతారు. పూజ్యమైన దానికి పూజ్యతను ఎంత విస్తరించినా అధికారంలోని భారం మనిషి మీదనే ఉంటున్నది.

యంత్రం విషయంలో చిక్కు తారుమారుగా వస్తున్నది. నదికి పూజ్యత ఉన్నది, నిర్ణయం లేదు. యంత్రానికి పూజ్యత లేదు, నిర్ణయం మాత్రం ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుండి చౌకధరల దుకాణాలలో వేలిముద్ర యంత్రాలు ప్రవేశించినవి. మెట్టపనులు చేసి గీతలరిగిన వేళ్ళను యంత్రం గుర్తింపకపోవటం అనుభవంలోనిదే. కోసిగి వంటి మండలాల నుండి ఏటా పనులకై వలసపోయే కుటుంబాల విషయంలో ఇది ఆకలి ప్రశ్న. బియ్యానికి అర్హుడెవరు అనేది శుద్ధమైన అధికార విచారం. దానిని తేల్చినది యంత్రం. అడిగితే యంత్రం తీసుకోలేదనే సమాధానం. కర్త లేని క్రియ ఇది. యాగంలో ఋత్విక్కులు పదునారుగురు పనిచేసినా ఫలం యజమానిదేనని మీమాంస తీర్పు, ఎందుకంటే వారిని నియోగించినవాడు అతడు. స్రుక్కు చేతిలో నుండి ఆహుతి జారితే ప్రాయశ్చిత్తం స్రుక్కుకు విధింపరు. యంత్రాన్ని నియోగించినవాడు ఫలాన్ని తీసుకొని దోషాన్ని యంత్రానికి వదలటం శాస్త్రదృష్టిలో నిలువదు.

ఇక్కడ మధ్వుల విశిష్టబుద్ధి లక్షణం తిరిగి ముందుకు వస్తుంది. పక్షికి విశిష్టబుద్ధి ఉంటే అధికారమున్నప్పుడు, నేడు శ్లోకానికి అర్థం చెప్పే యంత్రానికి అది ఎందుకు ఉండరాదు? ఈ ఆక్షేపాన్ని తేలికగా తీసుకొనరాదు. ద్వైతసిద్ధాంతం దగ్గర దీనికి ఒక సాధనమున్నది; అది సాక్షి. మనస్సు ఇంద్రియాల ద్వారా వృత్తులను కల్పిస్తుంది. కాని ఆ జ్ఞానం కలిగినదనీ, అది ప్రమాణమనీ, ఈ సుఖదుఃఖాలు నావనీ గ్రహించేది స్వరూపేంద్రియమైన సాక్షియే. వృత్తి వంటి వ్యాపారం యంత్రంలో ఉండవచ్చును. తప్పు చెప్పినందుకు బాధపడే సాక్షి దానికి ఉన్నట్లు ప్రమాణం లేదు. జరితారి అగ్నిని స్తుతించినది కాలిపోతానని తెలిసి. ఆ తెలియటంలో భయం కూడ ఉన్నది. విశిష్టబుద్ధ్యాదులు అన్నచోట ‘ఆది’ శబ్దం చేత గ్రాహ్యమైనవి ఏవి అన్నది వ్యాఖ్యానాల సాయంతో తేల్చవలసిన విషయం. కోరికను, భయాన్ని అందులో చేర్చితే యంత్రం వెలుపల ఉంటుంది. కేవల సామర్థ్యాన్ని చేర్చితే లోపలికి వస్తుంది. తత్త్వప్రకాశిక, తంత్రదీపికలను ఈ ఒక్క పదం కోసం పోల్చి చదివే పని మిగిలి ఉన్నది. దానితో పాటు భాట్టసంగ్రహంలో ఆరవ అధ్యాయపు మొదటి పాదాన్ని, ముఖ్యంగా బాదరి సూత్రం దగ్గర, శాబరభాష్యంతో సరిపోల్చి చూడవలసి ఉన్నది.